జీవనభృతికి మించిన మర్యాద
(పీఠిక)

పెండ్లిమర్రి పల్లెసీమలో పుట్టి, న్యాయశాస్త్రాన్ని అభ్యసించి, కడప న్యాయస్థానాలలో వాదిస్తూ, తన తీరికవేళలను పల్లెల్లోని వయోవృద్ధుల కష్టసుఖాలు ఆలకించడానికే వినియోగించిన ఒక విదుషీమణి, ఆ వృద్ధుల హక్కులను గురించి తేటతెలుగులో రచించిన గ్రంథమిది. ముఖపత్రం మీద ఆమె పేరు ఉండనే ఉన్నది గనుక, ఈ పీఠికలో ఆమెను గ్రంథకర్త్రి అనే గౌరవవాచకంతోనే ప్రస్తావిస్తాను. ప్రొద్దుటూరులో చిరకాలం తెలుగు బోధించి, పదవీవిరమణ పొంది, నేడు ఈ గ్రంథానికి విషయమైన వయస్సులోనే ఉన్న నాకు ఈ పని అప్పగించడంలో ఆమె ఔచిత్యమే చూపింది. ఇటువంటి గ్రంథం అవసరమా అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన అగత్యం పీఠికాకర్తకు లేదు. ఆ సమాధానం మన పల్లెల్లో ప్రతి వీధిలోనూ అరుగు మీద కూర్చునే ఉన్నది. గ్రంథంలోని సారమెక్కడ ఉన్నదో సూచించి, పాఠకుణ్ణి వాకిలి దాకా తోడ్కొని వెళ్లడం వరకే నా బాధ్యత.

ఈ సీమ స్వభావం తెలియని పాఠకుల కోసం ముందుగా ఒక మాట. పాలకొండల పాదాన, కడప నుంచి పులివెందులకు సాగే దారికి ఇరుప్రక్కలా విస్తరించిన ఈ గ్రామాల్లో వాన కురిస్తే పంట, కురవకుంటే వలస. బోరులో నీరు పడినవాడు చీనీతోట పెట్టుకున్నాడు. పడనివాడు శనగనో, వేరుశనగనో నమ్ముకుని ఆకాశం వంక చూశాడు. ఇద్దరూ కూడా బిడ్డలకు మాత్రం ఈ మట్టి కష్టం వద్దనుకున్నారు. అప్పులు చేసి చదివించి, బెంగళూరుకో, హైదరాబాదుకో, కువైటుకో సాగనంపారు. ఆ నిర్ణయంలో తప్పు లేదు. అది ఈ తరం తల్లిదండ్రుల త్యాగానికి పరాకాష్ఠ. కాని, ఆ త్యాగం ఫలించిన ప్రతి ఇంటిలోనూ చివరికి ఒక అవ్వ, ఒక అబ్బ, ఒక ముసలి ఎద్దుల కొట్టం మిగిలాయి. 2011 జనాభా లెక్కల నాటికే అరవయ్యేళ్లు నిండినవారు దేశం మొత్తం మీద పది కోట్లు దాటారు. అంత పెద్ద జనసముదాయాన్ని ఏ ఇంటి గొడవగానో, ఎవరి కర్మగానో భావించి ఊరుకోవడం నాగరిక సమాజానికి తగదన్నది ఈ గ్రంథానికి మూలసూత్రం.

గ్రంథంలో వంతులను గురించిన ప్రకరణాన్ని పాఠకులు నింపాదిగా చదవాలని నా ప్రార్థన. అన్నదమ్ములు భాగాలు పంచుకునే నాడు పొలంతో పాటు, బోరుమోటరుతో పాటు, కన్నవారిని కూడా పంచుకోవడం మనకు కొత్త కాదు. నాయన పెద్దవాడి పాలు, అమ్మ చిన్నవాడి పాలు. లేదా ఇద్దరికీ నెలకొక ఇల్లు. నెల నిండేసరికి రెండు చీరలు, ఒక దుప్పటి, మందుల డబ్బా, కళ్లజోడు ఒక సంచిలో సర్దుకుని అవ్వ ఒక గడప దిగి మరొక గడప ఎక్కుతుంది. ముప్పయ్యొక్క రోజులున్న నెలలో ఆ మిగిలిన ఒక్క రోజు ఎవరి వంతన్న తగవు వచ్చి, ఆ పూట ఆమె ఏ ఇంటా సంగటి తినక వీధి అరుగు మీదనే ఉండిపోయిన ఉదంతాన్ని గ్రంథకర్త్రి ఎక్కడా గొంతు పెంచకుండా, పేర్లు చెప్పకుండా, సాక్షివాఙ్మూలం వ్రాసినంత నిర్వికారంగా వ్రాసింది. యాభయ్యేళ్లు ఒకే కప్పు కింద కాపురం చేసిన దంపతులను ముసలితనంలో వేరుచేసే అధికారం బిడ్డలకు ఎవరిచ్చారని ఆమె వేసిన ప్రశ్నకు, మన పెద్దమనుషుల పంచాయతీలలో నేటి వరకూ జవాబు లేదు.

ఇక్కడ భారతం చదువుకున్నవానికి ఆశ్రమవాసపర్వం స్ఫురించక మానదు. కురుక్షేత్రానంతరం ధృతరాష్ట్రుడు ధర్మరాజు కొలువులో పదిహేనేళ్లు ఉన్నాడు. షడ్రసోపేతమైన భోజనం, పట్టువస్త్రాలు, పరిచారకులు, రాజోచితమైన సకల సపర్యలు ధర్మజుడు ఏ లోటూ లేకుండా జరిపించాడు. అయినా, ఆ అంధవృద్ధుడు ఒకనాడు అడవికి పయనమయ్యాడు. కారణం భీమసేనుని మాటలు. నీ కొడుకులను చంపిన చేతులివేనని, భుజాలు చరుచుకుంటూ, ముసలిరాజు చెవిన పడేటట్లు అతడు పలికిన పలుకులు, ధర్మరాజు పెట్టిన పదిహేనేళ్ల అన్నాన్ని విషతుల్యం చేశాయి. ధృతరాష్ట్రుడు నిర్దోషి కాడు. పుత్రవ్యామోహంతో వంశనాశనానికి ద్వారం తెరిచినవాడే. అయినా వ్యాసుడు గాని, తిక్కన గాని ఆ వృద్ధుని అవమానాన్ని అతనికి తగిన శాస్తిగా చెప్పి ఊరుకోలేదు. మంచివారైన ముసలివారికి మాత్రమే మర్యాద అన్న నియమాన్ని మన ఇతిహాసం ఒప్పుకోలేదన్నమాట. అన్నవస్త్రాలు అందినంత మాత్రాన వార్ధక్యం గౌరవింపబడినట్లు కాదని, పలుకులోని తిరస్కారం కూడా హింసేనని, ఈ గ్రంథం నేటి చట్టభాషలో చెబుతున్న సత్యం అదే.

ఆ తిరస్కారానికి ఒక శాస్త్రీయనామం 1969లో ఏర్పడింది. జాతిని బట్టి, స్త్రీపురుషభేదాన్ని బట్టి చూపే వివక్ష వంటిదే వయస్సును బట్టి చూపే వివక్ష కూడానని అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ ఆనాడు గుర్తించాడు. దానినే మనం వయోవివక్ష అంటున్నాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక, లోకంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి ఈ దృష్టి ఉన్నదని తేల్చింది. మన ఇళ్లలో అది ద్వేషం రూపంలో కంటే ఎక్కువగా చనువు రూపంలో సంచరిస్తుంది. కృష్ణా రామా అనుకుంటూ ఒక మూల కూర్చోక నీకెందుకు నాయనా ఈ సంగతులన్నీ అంటాడు కొడుకు. మోకాళ్ల నొప్పని వెళితే, ఈ వయసులో ఇంకేముంటుంది పెద్దాయనా అని పరీక్షించకుండానే పంపేస్తాడు వైద్యుడు. బ్యాంకులో అవ్వ తన ఖాతా సంగతి తాను అడిగితే, గుమాస్తా జవాబు మాత్రం ప్రక్కనున్న మనవడికి చెబుతాడు. వీరిలో ఎవరూ దుర్మార్గులు కారు. ఎదుటి మనిషి ఎదుటనే ఉండగా, ఆ మనిషి లేనట్లు వ్యవహరించడం మనకు అంతగా అలవాటైపోయింది, అంతే. గ్రంథకర్త్రి ఈ ఉదాహరణలను పోగుచేసి, ప్రతి దాని ప్రక్కనా అక్కడ భంగపడిన హక్కు ఏదో పేరుపెట్టి చూపిన పద్ధతి ప్రశంసార్హం.

అరవై నిండినవాడు ఇక పనికిరాడన్న భావన ఈ జిల్లాలో నిలవగూడనిది. కడపలో కాపురముండి తెలుగు తాళపత్రాలను ఉద్ధరించిన సి.పి. బ్రౌన్, 1798లో జన్మించినవాడు, 1865లో లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యపదవిని అలంకరించాడు. శివతాండవకర్త పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో జన్మించి, జనప్రియ రామాయణానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారాన్ని 1979లో అందుకున్నారు. బ్రౌన్ నివసించిన బంగళా స్థలంలో గ్రంథాలయం వెలయాలన్న సంకల్పాన్ని జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఆరు పదుల వయస్సులో తలకెత్తుకుని, ఊరూరా విరాళాలు సేకరించి, ఇటుక మీద ఇటుక పేర్చి, నేడు యోగివేమన విశ్వవిద్యాలయపు అధీనంలో ఉన్న భాషాపరిశోధన కేంద్రంగా మనకు అప్పగించి వెళ్లారు. ఈ మహనీయుల పేర్లు స్మరించడం వారివంటి వారికే గౌరవం దక్కాలని కాదు. చీనీచెట్టుకు ఏ తెగులు వచ్చిందో ఆకు చూసి చెప్పగల అబ్బ, ఏ విత్తనం ఏ కార్తెలో వేయాలో తెలిసిన అవ్వ కూడా ఆ శ్రేణిలోని వారే. అంతేకాదు, ఏమీ చెప్పలేక మంచం పట్టిన వృద్ధునికి సైతం అదే మర్యాద చెల్లుతుంది. ఎందుకంటే హక్కు అన్నది ప్రయోజకత్వానికి ఇచ్చే బహుమానం కాదు.

గ్రంథంలోని హృదయస్థానం చట్టప్రకరణం. వృద్ధాప్యంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కు కోసం రాజ్యం కృషి చేయాలని రాజ్యాంగం 41వ అధికరణం ఆదేశించింది. తల్లిదండ్రుల పోషణభారం సంతానానిదని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టమూ, 1973 నాటి నేరవిచారణ స్మృతి 125వ సెక్షనూ చెప్పాయి. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 144వ సెక్షన్ అయింది. అయితే కోర్టుల చుట్టూ తిరగగల సత్తువ ముసలివారికేది? ఆ లోటు తీర్చడానికే 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి రెవెన్యూ డివిజన్‌లోనూ ఒక ట్రిబ్యునల్ ఉంటుంది. ఆర్డీఓ స్థాయి అధికారి దానికి అధ్యక్షుడు. నోటీసు అందిన 90 రోజుల్లో, తప్పనిసరైతే మరొక 30 రోజుల్లో, అర్జీ తేలిపోవాలి. వృద్ధుడు స్వయంగా వెళ్లలేకపోతే అతని పక్షాన మరొకరు అర్జీ పెట్టవచ్చు. ఎవరూ పెట్టకపోయినా ట్రిబ్యునల్ తనంతట తాను విచారణ చేపట్టవచ్చు. తన పోషణలో ఉన్న వృద్ధుణ్ణి వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెట్టిన వానికి మూడు నెలల వరకు జైలుశిక్ష గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

ఈ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం ఆ ట్రిబ్యునల్ ముందు ఏ పక్షానికీ న్యాయవాది హాజరు కాకూడదు. తన వృత్తికి ప్రవేశమే లేని న్యాయపీఠం దాకా వృద్ధులు ఒంటరిగా నడిచి వెళ్లడానికి కావలసిన జ్ఞానాన్ని ఒక న్యాయవాది గ్రంథరూపంలో పంచిపెట్టడం సామాన్య విషయం కాదు. అర్జీ ఎలా వ్రాయాలి, ఏ కాగితాలు జతపరచాలి, రాజీ అధికారి ముందు ఏ షరతులకు ఒప్పుకోవచ్చు, వేటికి ఒప్పుకోకూడదు అన్న సంగతులన్నీ, పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో, ఒక సాయంకాలం కూర్చుని చదివి వినిపిస్తే అర్థమయ్యే తీరున ఆమె సమకూర్చింది. ఫీజు రాని జ్ఞానదానమిది.

అంతకంటే విలువైన భాగం దస్తావేజులను గురించినది. మన సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల ముందు చెట్టు నీడన ఏ పనిదినం చూసినా ఒక దృశ్యం కనబడుతుంది. కొడుకు కాగితాలు పట్టుకుని నిలబడతాడు. నాయన వేలిముద్ర వేయడానికి బెంచీ మీద ఎదురుచూస్తుంటాడు. వ్రాసిన దానసెటిల్‌మెంటులో ఏమున్నదో ఆయనకు ఎవరూ చదివి వినిపించరు. ప్రేమాభిమానాలతో ఇచ్చినట్లు అందులో ఉంటుంది. నన్ను, నా భార్యను జీవితాంతం చూసుకోవాలన్న మాట మాత్రం ఉండదు. పోషిస్తారన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషించనప్పుడు రద్దుచేయించుకునే అవకాశం చట్టం 23వ సెక్షన్ కల్పించింది. కాని, అటువంటి షరతు ఉన్నట్లు నిరూపణ కావాలని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు సుదేశ్ ఛికారా వ్యాజ్యంలో స్పష్టం చేసింది. 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ వ్యాజ్యంలో అదే న్యాయస్థానం, ఈ చట్టాన్ని వృద్ధుల మేలు కోరి ఉదారంగా అన్వయించాలని, అవసరమైతే ఆస్తి స్వాధీనాన్ని తిరిగి ఇప్పించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉన్నదని తీర్పునిచ్చింది. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి, ఉదారత్వం మీద ఆశ పెట్టుకోవడం కంటే షరతును దస్తావేజులోనే వ్రాయించుకోవడం మేలని చెప్పి, ఆ షరతుకు నమూనావాక్యం కూడా గ్రంథకర్త్రి ఇచ్చింది. ఈ గ్రంథంలో మరేదీ చదవకపోయినా, ఆ ఒక్క పుట చదివినవాని పొలం పదిలం.

ఆస్తి లేనివారి సంగతి ఆమె మరువలేదు. మన పల్లెల్లో పొలం పట్టా సాధారణంగా మగవాని పేర ఉంటుంది. రద్దు చేయించుకోవడానికి ఆడమనిషి ఇచ్చిన ఆస్తి అంటూ ఉండదు. అయినా కన్నబిడ్డల నుంచి పోషణ కోరే హక్కు ఆ తల్లికి సంపూర్ణంగా ఉన్నది. కూతురి బాధ్యత కూడా కొడుకు బాధ్యతతో సమానం. సంతానం లేని వృద్ధుణ్ణి అతని ఆస్తి అనుభవిస్తున్న లేదా రేపు అనుభవించబోయే బంధువు పోషించాలి. ఇక చట్టంలోని లోపాలను కూడా ఆమె దాచలేదు. నెలకు 10,000 రూపాయలకు మించి పోషణభృతి ఇప్పించరాదన్న పరిమితి 2007 నుంచీ అలాగే ఉన్నది. ఆ పరిమితిని తొలగించి, కోడలిని, అల్లుడిని కూడా బాధ్యుల జాబితాలో చేర్చడానికి 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణబిల్లు 2024లో ఆ సభతో పాటే మురిగిపోయింది.

పింఛను ప్రకరణంలో ఆమె చూపు మరింత సూక్ష్మం. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. అందులో జాతీయ పథకం కింద కేంద్రం ఇచ్చే వంతు డెబ్బయి తొమ్మిదేళ్ల వరకు 200 రూపాయలు, ఎనభై నిండాక 500 రూపాయలు. ఒకటో తేదీ తెల్లవారేసరికి ఇంటి ముంగిటికే వచ్చే ఆ సొమ్ము ఎందరో అవ్వలకు కొడుకు ముందు చేయిచాచనవసరం లేని స్థితిని ప్రసాదించింది. కాని, నలభయ్యేళ్లు కలుపు తీసి, పార పట్టి, అరిగిపోయిన వేళ్ల గీతలను యంత్రం గుర్తించక, ఒక్కొక్క వేలినీ తుడిచి తుడిచి మళ్లీ మళ్లీ ఆనించే అవ్వ ముఖంలోని బెదురును ఆమె చిత్రించిన తీరు చూడండి. కష్టపడినందుకు గుర్తులు చెరిగిపోయిన చేతిని, నీవు నీవేనని నిరూపించుకోమనడంలోని వైపరీత్యం ఆమె వ్యాఖ్యానం లేకుండానే పాఠకునికి తగులుతుంది. కంటిపాప ద్వారానో, ముఖం ద్వారానో గుర్తింపు చేయించుకునే మార్గాలను కోరి అడగవచ్చని వెంటనే చెప్పడం ఆమె వ్యవహారదక్షత.

హక్కుల పక్షాన నిలిచిన గ్రంథం ఏకపక్షంగా ఉండడం సులభం. ఈ గ్రంథం అలా లేదు. ముసలితనం వచ్చిపడిందని కొడుకుల యవ్వనాన్ని అడిగిన యయాతి కథ మనకున్నది. నలుగురు కాదన్నారు, పూరువు ఒక్కడే ఇచ్చాడు. పూరుని పితృభక్తిని మనం వేయినోళ్ల కొనియాడుతున్నాం గాని, బిడ్డ బ్రతుకును తండ్రి అనుభవించడం ధర్మమా అన్న విచికిత్స కూడా ఆ కథలోనే ఉన్నది. 2020 డిసెంబరులో ఎస్. వనిత వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, వృద్ధుల చట్టాన్ని అడ్డం పెట్టుకుని కోడలిని నిలువనీడ లేకుండా గెంటివేయరాదని, గృహహింస చట్టం ఆమెకు ఇచ్చిన రక్షణను కూడా మన్నించాలని చెప్పింది. ఆ తీర్పుకు గ్రంథకర్త్రి సముచిత స్థానమిచ్చింది. ఒకరి హక్కును మరొకరి హక్కు మింగరాదన్న ఆమె సమదృష్టి, న్యాయవాదిలో కంటే న్యాయమూర్తిలో ఎక్కువగా కనిపించే గుణం.

ఐక్యరాజ్యసమితి 1991లో వృద్ధుల కోసం ప్రకటించిన సూత్రాలు ఐదు శీర్షికల కిందికి వస్తాయి: స్వాతంత్ర్యం, భాగస్వామ్యం, సంరక్షణ, ఆత్మవికాసం, గౌరవం. స్త్రీలకు, బాలలకు, దివ్యాంగులకు ప్రత్యేకమైన అంతర్జాతీయ ఒడంబడికలు వెలసినా, వృద్ధులకు మాత్రం నేటికీ అటువంటిది లేదు. దాని ముసాయిదా రచనకు కార్యబృందాన్ని ఏర్పాటు చేయాలని 2025 ఏప్రిల్‌లో జెనీవాలో మానవహక్కుల మండలి తీర్మానించింది. జెనీవా మాట పెండ్లిమర్రి దాకా చేరడానికి కాలం పడుతుంది. ఈలోగా మన పల్లె మాటను మన భాషలో గ్రంథస్థం చేసి ఉంచడం ఏ ఒడంబడికకూ తీసిపోని సేవ.

ఈ గ్రంథం వెనుక ఉన్న శ్రమ పుటపుటలోనూ తెలుస్తుంది. కార్తీక సోమవారాల్లో పొలతల మల్లేశ్వరుని దర్శనానికి వచ్చిన వృద్ధులను చెట్ల కింద పలకరించి, సచివాలయాల వసారాల్లో పింఛను అర్జీల వారితో మాట కలిపి, కలెక్టరేట్‌లో సోమవారపు అర్జీల వరుసలో నిలబడి ఆమె సేకరించిన అనుభవాలే ఇందులోని ప్రమాణాలు. పెద్దవాడినన్న చనువుతో ఒక సూచన చేస్తాను. మతిమరుపు వ్యాధికి లోనై, తన మేలు తాను చెప్పుకోలేని వృద్ధుల పక్షాన ఎవరు, ఏ హద్దుల్లో, ఎలా నిర్ణయించాలన్న విషయం ఇందులో క్లుప్తంగానే ఉన్నది. మలిముద్రణలో దానికి ఒక సంపూర్ణ ప్రకరణం కేటాయించాలి. ఆ కొరత తీరితే, ఈ విషయంలో తెలుగువారికి మరొక గ్రంథం వెదుక్కోవలసిన పని ఉండదు.

గ్రంథకర్త్రికి ఆయురారోగ్యాలు, ఆమె లేఖినికి అవిచ్ఛిన్నమైన శక్తి కలగాలని ఆశీర్వదిస్తున్నాను. పాఠకులకు నా మనవి ఒక్కటే. ఈ పుస్తకాన్ని కొని బీరువాలో దాచకండి. మీ ఇంట్లోని పెద్దల ప్రక్కన కూర్చుని బిగ్గరగా చదివి వినిపించండి. వారు మధ్యలో ఆపి ప్రశ్నిస్తే విసుక్కోకుండా జవాబు చెప్పండి. ఆస్తి వ్యవహారమైనా, వైద్యమైనా, ఎవరి ఇంట ఉండాలన్నదైనా, వారిని గురించిన నిర్ణయం వారిని అడిగిన తరువాతనే తీసుకోండి. ఆపద ముంచుకొస్తే పిలవడానికి వీలుగా, 14567 అనే వృద్ధుల సహాయవాణి సంఖ్యను పెద్ద అంకెలతో వ్రాసి వారి మంచం దగ్గరి గోడకు అంటించండి.